బావి ఊరుమ్మడిది, చేద ఎవరిది?

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఒక తెలుగు అక్షరము ప్రపంచమునందలి ఐఫోనులను కొన్ని దినములపాటు కలవరపెట్టినది. ఆ అక్షరము 'జ్ఞా'. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే ఇంత పని చేసినది. నిజము చెప్పవలెనన్నచో అది మనము నిత్యము వ్రాసెడి 'జ్ఞా' కాదు. ఆ అక్షరమున దీర్ఘమునకు ముందు కంటికి కనబడని ఒక సంకేతమును చొప్పించిన రూపము. ఆ రూపము సందేశముగా వచ్చి చేరినంతనే, దానిని తెరపై చూపబోయిన యాప్ మూతపడెడిది; మరల తెరచినచో మరల మూతపడెడిది. ఆకతాయిలు కొందరు దానిని తెలిసినవారికి, తెలియనివారికి పంపి వినోదించిరి. యాపిల్ సంస్థ అదే మాసము 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 అను సవరణను విడుదల చేయుటతో ఆ ముచ్చట ముగిసినది.

ముచ్చట చిన్నదే. కాని దానిలో ఆలోచింపదగిన విషయమొకటి ఉన్నది. తెలుగు అక్షరములకు గుణింతము, వత్తు ఎట్లు చేరునో ఓనమాలనాడే నేర్చినవారు కోట్లకొలది కలరు. వారిలో ప్రోగ్రాములు వ్రాయుటయే వృత్తిగా గలవారు హైదరాబాదునందును, కాలిఫోర్నియాయందును వేలకొలది కలరు. అయినను ఆ కొన్ని దినములును యాపిల్ సంస్థ ఉద్యోగి కాని ఏ తెలుగువాడును ఆ లోపము ఎచ్చట నున్నదో తెరచి చూడలేకపోయినాడు. దిద్దుటమాట అటుంచి, చదువుటకు కూడ వీలు లేకపోయినది. అక్షరము తెలుగువారిది, దానిని తెరపై కూర్చెడి యంత్రాంగము మాత్రము పరుల పెట్టెలో ఉండినది.

ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ అక్షరసంధానము చేయునది హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాము. 'హర్ఫ్' అనగా అక్షరము, 'బాజ్' అనగా తెరచినది. పారశీక పదములు రెండింటిని కలిపి ఆ పేరు పెట్టిరి. దాని ప్రధాన రచయిత ఇరాన్ దేశమున పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బాద్. ఆ ప్రోగ్రాము మూలరచనను, అనగా దాని సోర్సు కోడును, ఎవరైనను చదువవచ్చును. తప్పున్నచో దిద్ది పంపవచ్చును. పేరుకు తగినట్లే అది తెరచిన అక్షరము.

కనుక యాపిల్ మూసిన ఇల్లు, ఆండ్రాయిడ్ తెరచిన ఇల్లు అని తీర్పు చెప్పుట సులభము. కంప్యూటరు పాఠములయందు విద్యార్థులు వల్లించునదియు ఇదియే: ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టము. పరీక్షలో ఈ సమాధానమునకు మార్కు వచ్చును, రావలసినదే. కాని ఆ వాక్యము ఎంతవరకు నిజము, ఎక్కడినుండి నిజము కాదు అను విచారణ పాఠ్యపుస్తకములయందు సాధారణముగా ఉండదు. బడిలో చెప్పవలసినది అక్కడినుండియే మొదలగుచున్నది.

ఈ వివాదము పాతదే. 2010 అక్టోబరులో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, తెరచిన ఆండ్రాయిడ్, మూసిన ఐఫోను అను పోలికను కొట్టివేసెను. తెరచుట, మూయుట అసలు సమస్య కాదనియు, ముక్కముక్కలుగా ఉన్నదా, ఒక్కటిగా కూర్చబడినదా అనునదే వినియోగదారునికి ముఖ్యమనియు ఆయన వాదము. ఆండ్రాయిడ్ నిర్మాతలలో ముఖ్యుడైన ఆండీ రూబిన్ దీనికి ఉపన్యాసముతో బదులు చెప్పలేదు. ఆండ్రాయిడ్ మూలరచనను దింపుకొని ఎవరి కంప్యూటరుపై వారు నిర్మించుకొనుటకు టైపు చేయవలసిన కొద్దిపాటి ఆజ్ఞలను ట్విట్టరులో ప్రకటించి, తెరచినది అనుటకు నిర్వచనము ఇదియే అనెను. ఇంతకంటె ముచ్చటైన జవాబు ఉండదు. కాని నాలుగైదు మాసములు గడచునప్పటికి టాబ్లెట్టుల కొరకు ఆండ్రాయిడ్ 3.0 వెలువడినది, దాని మూలరచనను గూగుల్ వెలువరింపలేదు. 2011 నవంబరులో 4.0 వచ్చినప్పుడుగాని అది లోకమునకు చేరలేదు. ఆ మధ్యకాలమున రూబిన్ చెప్పిన ఆజ్ఞలను ఎవరెంత శ్రద్ధగా టైపు చేసినను అంగడిలోని సరికొత్త ఆండ్రాయిడ్ వారికి దొరకెడిది కాదు. నిర్వచనము చెప్పినవారే నిర్వచనమును తాళమువేసి దాచుకొనిరి.

ఆండ్రాయిడ్ చేసిన మేలును కాదనరాదు. దాని గర్భమున ఉన్న లినక్స్, 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. దేశదేశముల ప్రోగ్రామరులు కలిసి పెంచినది. దానిని వాడుకొని మార్చినవాడు, మార్చిన దానిని పంచినప్పుడు మూలరచనను కూడ పంచవలెనను లైసెన్సు దానికి కలదు. ఆ న్యాయమును 1980వ దశకమున రిచర్డ్ స్టాల్మన్ ఉద్యమముగా నిలిపెను. 2005లో ఆండ్రాయిడ్ సంస్థను కొనిన గూగుల్, 2007 నవంబరులో 34 సంస్థల కూటమిని ప్రకటించి, 2008లో తొలి ఫోనును వెలువరించినది. లినక్స్‌పై తాను కట్టిన అంతస్తులకు మాత్రము వేరు లైసెన్సును ఎన్నుకొన్నది. దాని ప్రకారము ఎవరైనను తీసికొనవచ్చును, మార్చవచ్చును. మార్చిన దానిని తిరిగి పంచవలెనను నిర్బంధము లేదు. అందువలననే ఫోను తయారుచేయు సంస్థలు ఉత్సాహముగా వచ్చి చేరినవి. చౌక ఫోనులు పల్లెలకు వచ్చినవి. నేడు భారతదేశమునందలి స్మార్ట్‌ఫోనులలో నూటికి తొంబదికి పైగా ఆండ్రాయిడ్‌వే.

తెలుగువారికి కలిగిన మేలు ఇంకొకటి ఉన్నది. దానిని ఇచ్చట చెప్పకుండుట కృతఘ్నత యగును. 2009లో వచ్చిన ఆండ్రాయిడ్ 1.5 నుండియే ఇతరులు తయారుచేసిన కీబోర్డును ఫోనులో పెట్టుకొనవచ్చును. ఐఫోనులో అన్ని యాప్‌లయందును పనిచేయు పరుల కీబోర్డునకు అనుమతి 2014లో ఐఓఎస్ 8తో వచ్చినది. ఐదేండ్ల వ్యత్యాసము. ఒక భాషను ఫోనులో వ్రాయుటకు దారి కావలెనన్నచో, మొదటి ఇంటిలో ఆ భాషను ప్రేమించు ఒక ప్రోగ్రామరు పూనుకొనిన చాలును. రెండవ ఇంటిలో యజమాని మనసు కరగువరకు వేచియుండవలెను. చిన్న భాషలకు, పెద్ద భాషలైనను ధనికుల అంగళ్లలో చిన్నవిగా ఎంచబడు భాషలకు, ఈ తేడా ప్రాణసమానము.

ఇక రెండవవైపు చూడవలెను. పల్లెలో ఊరుమ్మడి బావి ఒకటి ఉన్నదనుకొందము. ఎవరైనను వచ్చి తోడుకొనవచ్చునని దండోరా వేసినారు. కాని చేద, తాడు, గిలక మాత్రము ఒక ఆసామి ఇంట ఉన్నవి. మొదట అవి బావివద్దనే ఉండెడివి; ఏటేట ఒక్కొక్కటే ఇంటికి చేరినవి. బావి ఇప్పటికిని ఊరుమ్మడిదే. లోపలికి తొంగిచూచినచో నీరు కనబడును.

ఆండ్రాయిడ్ విషయమున జరిగినది ఇదియే. ఆరంభమున కీబోర్డు, క్యాలెండరు, కెమెరా, పాటల పేటిక వంటి యాప్‌లు మూలరచనతోపాటు అందరికి లభించెడివి. కాలక్రమమున గూగుల్ తన సొంత యాప్‌లను మూసిన పెట్టెలో పెంచి, తెరచిన వాటిని ఉన్నచోటనే వదలివేసినది. 2012 నుండి ప్లే సర్వీసులు అను మూసిన పొర ఒకటి వచ్చినది. ఫోను ఎక్కడ ఉన్నదో చెప్పుట, సందేశము వచ్చినదని హెచ్చరించుట, పటము చూపుట, డబ్బు చెల్లింపు, ఈ ఫోను నమ్మదగినదా అని పరీక్షించుట మొదలగు పనులు ఆ పొరలోనికి చేరినవి. ఇతరులు వ్రాసిన యాప్‌లు ఆ పొరపై ఆధారపడుటకు అలవాటుపడినవి. ఆ పొర లేని ఫోనులో అవి కొన్ని కుంటును, కొన్ని అసలు లేవవు. అనేక బ్యాంకుల యాప్‌లు ఈ పరీక్షలో నెగ్గని ఫోనులో పనిచేయుటకే నిరాకరించును. మూలరచన చదివి స్వయముగా ఆపరేటింగ్ సిస్టమును కట్టుకొనిన విద్యార్థి, తన చేతిపనిని చూచి సంతోషింపవచ్చును. దానితో కరెంటు బిల్లు కట్టగలడని నమ్మకము లేదు.

ఇది ఊహ కాదని 2019లో లోకమంతయు చూచినది. ఆ ఏడాది మే మాసమున అమెరికా ప్రభుత్వము చైనా సంస్థ హువావేపై వాణిజ్య నిషేధము విధించినది. గూగుల్ ఆ సంస్థ కొత్త ఫోనులకు తన సేవలను ఇయ్యలేకపోయినది. తెరచిన ఆండ్రాయిడ్ మాత్రము హువావేకు మునుపటివలెనే లభించినది. దానిని ఎవరును ఆపలేదు, ఆపజాలరు. సెప్టెంబరులో మ్యూనిక్ నగరమున ఆ సంస్థ మేట్ 30 అను ఫోనును చూపినది. అది ఆండ్రాయిడే. కాని ప్లే స్టోరు లేదు, జీమెయిలు లేదు, యూట్యూబు యాప్ లేదు, గూగుల్ మ్యాపులు లేవు. చైనాలో ఆ సేవలు అప్పటికే లేవు గనుక అక్కడివారికి కొరత తోచలేదు. చైనా వెలుపల ఆ ఫోనులకు గిరాకీ పడిపోయినది. అంత పెద్ద సంస్థ, అంతమంది ఇంజనీరులు, అంత ధనము ఉండియు, తెరచిన భాగము ఒక్కదానితో పరదేశపు అంగడిలో నిలువలేకపోయినది. తరువాత హార్మొనీ అను సొంత ఆపరేటింగ్ సిస్టమును పెంచుకొని, 2024 నాటికి ఆండ్రాయిడ్ యాప్‌లనే విడిచిన రూపమునకు చేరినది. అంతటి శక్తి లేనివారి గతి ఏమి?

ఒక వేదిక తెరచినదా, మూసినదా అని తెలిసికొనుటకు లోనికి పోవుట ఎంత సులభమో చూచుట చాలదు. బయటికి వచ్చినవాడు బ్రతుకగలడా అనునదే చూడవలెను. సంతకు పిలిచి, సంత విడిచినవానికి ఊరిలో ఉప్పుకూడ దొరకకుండ చేసినచో, ఆ సంతకు గోడలు లేవని చెప్పుకొనుట దేనికి?

బయటికి పోవుదారిని ఒడంబడికలతో కట్టిన సంగతియు ఉన్నది. 2012 సెప్టెంబరులో ఏసర్ సంస్థ షాంఘై నగరమున అలియున్ అను ఆపరేటింగ్ సిస్టముతో ఒక ఫోనును విడుదల చేయబోయి, చివరి గడియలో ఆ సభను రద్దు చేసికొన్నది. అలియున్ ఆండ్రాయిడ్‌నుండి పుట్టిన పొసగని రూపమని గూగుల్ వాదన. ఏసర్ ఆండ్రాయిడ్ కూటమి సభ్యురాలు. అట్టి రూపములను తయారుచేయరాదని సభ్యులు మాట ఇచ్చియుండిరి. మూలరచన లైసెన్సు మార్చుటకు అనుమతించినది. ప్లే స్టోరు కావలెనన్నచో చేయవలసిన ఒడంబడిక ఆ అనుమతిని వెనుకకు తీసికొన్నది. కుడిచేత ఇచ్చి ఎడమచేత పుచ్చుకొనుట యనగా ఇదియే. 2018 జూలైలో యూరోపియన్ కమిషన్ ఇట్టి షరతులనే తప్పుపట్టి గూగుల్‌పై 434 కోట్ల యూరోల జరిమానా విధించినది. 2022లో అక్కడి న్యాయస్థానము దానిని 412.5 కోట్లకు తగ్గించినను, ప్రధానముగా తీర్పును నిలిపినది.

భారతదేశమున కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయలు, ఐదు దినముల తరువాత ప్లే స్టోరు చెల్లింపుల విషయమున 936.44 కోట్ల రూపాయలు జరిమానా వేసినది. పత్రికలు అంకెలను పెద్ద అక్షరములతో ప్రకటించినవి. కాని జరిమానాకంటె ఆ ఉత్తరువులోని ఆదేశములే విలువైనవి. ప్లే సర్వీసుల ద్వారములను ఇతరులకు మూయరాదనియు, ముందే పెట్టి ఇచ్చిన యాప్‌లను తీసివేయు వీలుండవలెననియు, ఇతరుల యాప్ దుకాణములకు ప్లే స్టోరులో చోటు ఇయ్యవలెననియు అందులో ఉండెను. అప్పీలు ట్రైబ్యునలు 2023 మార్చిలో జరిమానాను నిలిపి, సరిగా ఇట్టి ఆదేశములను నాలుగింటిని కొట్టివేసినది. చేద ఎవరి ఇంట ఉన్నదో గుర్తించి, ఆసామికి జరిమానా వేసి, చేదను అక్కడనే ఉంచినట్లయినది. చెల్లింపుల విషయమున వేసిన జరిమానాను అదే ట్రైబ్యునలు 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించినది. ఇంతటి వ్యాజ్యమువలన ఫలితమే లేదనుట న్యాయము కాదు. ఫోను సంస్థలు గూగుల్ యాప్‌లన్నిటిని మూటగట్టుగా కాక విడివిడిగా తీసికొనవచ్చునని 2023 జనవరిలో గూగుల్ ప్రకటింపవలసి వచ్చినది.

మరుసటి ఏడే ఇంకొక సంఘటన జరిగినది. 2024 మార్చి మొదటి తేదీన గూగుల్ కొన్ని భారతీయ సంస్థల యాప్‌లను, రుసుము చెల్లింపలేదను కారణమున, ప్లే స్టోరునుండి తీసివేసినది. పెండ్లి సంబంధములు చూపు భారత్ మాట్రిమొనీ, ఉద్యోగములు చూపు నౌకరీ వాటిలో ఉన్నవి. ప్లే స్టోరును విడిచి, వేరు మార్గమున యాప్‌ను ఫోనులోనికి దింపుకొను స్వేచ్ఛ ఆండ్రాయిడ్‌లో నాడును ఉన్నది. తెరచిన ఇల్లు అనుటకు గూగుల్ చూపు ప్రధాన సాక్ష్యము అదియే. ఆ దారిని నమ్ముకొని ఆ సంస్థలు నిశ్చింతగా కూర్చుండినవా? కూర్చుండలేదు, ప్రభుత్వమును ఆశ్రయించినవి. కేంద్రమంత్రి కలుగజేసికొనిన పిమ్మట, నాలుగైదు దినములలో యాప్‌లు తిరిగి వచ్చినవి. ఒక దుకాణము తన బల్లపైనుండి సరకు తీసివేసినంత మాత్రమున దేశపు మంత్రి పూనుకొనవలసి వచ్చినదనగా, అది దుకాణము కాదు, ఊరికున్న ఒక్కటే దారి.

యాపిల్ మాటకు మరల వచ్చినచో, దాని విషయమున ఒక విచిత్రమైన నిజాయితీ ఉన్నది. 2008లో యాప్ స్టోరు తెరచిననాడే, తన అంగడి గుండ తప్ప ఐఫోనులోనికి ఏదియు రాదని, అమ్మిన ప్రతి రూపాయిలో ముప్పది పైసలు తనవని చెప్పినది. తరువాత చిన్నవారికి రుసుము తగ్గించినదిగాని గోడను దాచలేదు. యూరోపు శాసనము బలవంతపెట్టగా 2024 మార్చిలో ఆ శాసనము చెల్లు దేశములయందు మాత్రము ఇతర దుకాణములకు దారి ఇచ్చినది. ఇచ్చుచునే, పది లక్షలు దాటిన ప్రతి తొలి స్థాపనకు ఏడాదికి అర యూరో చొప్పున కొత్త రుసుమును పెట్టినది. శాసనమును పాటించు తీరులో కూడ లోభి లోభియే. అయినను మూసిన ఇంటిని మూసినదని చెప్పువానితో వ్యవహారము సులభము. కొనువాడు తెలిసియే కొనును. తెరచినదను కీర్తిని అనుభవించుచు, అవసరమైనప్పుడు గొళ్లెము వేయువానిని పరీక్షించుటయే కష్టము.

మూయుటకు చెప్పు కారణమును తేలికగా తీసివేయరాదు. పెండ్లి శుభలేఖ యని, బ్యాంకు నోటీసు యని వాట్సాప్‌లో వచ్చిన ఫైలును నొక్కి, ఖాతా ఊడ్చుకొనిపోగా లబలబలాడినవారు తెలుగునాట ఎందరో కలరు. పింఛను డబ్బు పోగొట్టుకొనిన ఉపాధ్యాయునివద్దకు పోయి, ఏ యాప్‌నైనను పెట్టుకొను స్వేచ్ఛ గొప్పదని ఉపన్యసించుట క్రూరము. కాపలా కావలెను. కాని కాపలాదారుడే వర్తకుడైనప్పుడు, దొంగను ఆపుటకును పోటీ వర్తకుని ఆపుటకును వాడు వాడునది ఒకే కర్ర. ఏ దెబ్బ ఎవరికి తగిలినదో విచారించుటకు కర్ర పట్టనివాడొకడు ఉండవలెను. యూరోపు శాసనము, మన కమిషన్ చేయబూనినది ఆ పనియే. అది నత్తనడకన సాగుచున్నదనుటయు నిజమే.

2025 మార్చిలో ఆండ్రాయిడ్ నిర్మాణమునంతయు ఇకపై లోపలనే జరిపి, పూర్తియైన తరువాతనే మూలరచనను వెలువరింతుమని గూగుల్ తెలిపినది. పుస్తకము చదువవచ్చును, వ్రాయుచుండగా చూడరాదు అన్నమాట. ఆగస్టులో ఇంకను పెద్ద ప్రకటన వచ్చినది. గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోనులలో, ప్లే స్టోరు వెలుపలినుండి దింపుకొను యాప్‌లైనను, తమ పేరు, చిరునామా నమోదు చేయించుకొనిన నిర్మాతలవై ఉండవలెనని దాని సారము. 2026 సెప్టెంబరునుండి బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండు దేశములలోను, 2027 మొదలుకొని తక్కిన దేశములలోను అమలుచేయుదుమని నాటి మాట. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పంచు ఎఫ్-డ్రాయిడ్ వంటి సంస్థలు గట్టిగా అభ్యంతరము చెప్పినవి. నవంబరులో గూగుల్ కొంత మెత్తబడి, అపాయమును తెలిసి అంగీకరించు అనుభవజ్ఞులకు ప్రత్యేకమైన దారి ఒకటి ఉంచుదుమన్నది.

ఆ ప్రకటనలో విద్యార్థుల ప్రసక్తి కూడ కలదు. పదవ తరగతి బాలుడొకడు సుమతి శతకపు పద్యములకు అర్థములు చూపు చిన్న యాప్‌ను వేసవి సెలవులలో వ్రాసి, తన తరగతివారి ఫోనులలో పెట్టవలెనని సంబరపడినాడనుకొందము. ఇంతకుమునుపు వాడు చేయవలసినదెల్ల ఆ ఫైలును స్నేహితునికి పంపుటయే. కొత్త పద్ధతిలో అట్టివారికి రుసుము లేని ఖాతా ఇత్తురట. అయితే ఆ యాప్ ఎన్ని ఫోనులలో చేరవచ్చునో దానికి హద్దు ఉండును. ఆ హద్దును నిర్ణయించువారు కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణమున కూర్చుండి ఉందురు.